మచ్చలు లెక్కపెట్టాం సరే, మెదడు సంగతో?

మొన్న ఫైనలియర్ ప్రాజెక్టు రెండో రివ్యూలో మా బ్యాచ్‌కి చప్పట్లు పడ్డాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ల మెదడు ఎమ్మారైలో తెల్లగా కనిపించే మచ్చల్ని కంప్యూటరే గుర్తుపట్టి వాటికి ఎర్ర రంగు వేయాలి. అదే మా ప్రాజెక్టు. యూనెట్ మోడల్, నెట్‌లో దొరికిన డేటా, అర్ధరాత్రి దాకా కాచుక్కూచుంటే దొరికే ఫ్రీ జీపీయూ. డైస్ స్కోరు 0.71 వచ్చింది. డైస్ అంటే తెలియనివాళ్లకి ఒక్క ముక్క: డాక్టరు గీసిన మచ్చా, మన మోడల్ గీసిన మచ్చా ఎంతవరకు ఒకదాని మీద ఒకటి పడ్డాయో చెప్పే అంకె. పూర్తిగా కలిస్తే ఒకటి, అసలు కలవకపోతే సున్నా. పక్క బ్యాచ్‌కి 0.68 వచ్చిందని తెలిసినప్పుడు మాకు కలిగిన ఆనందం గురించి ఇక్కడ రాస్తే బాగోదు.

ఆ రాత్రి మా అక్కకి ఫోన్ చేశాను. పెద్దమ్మ కూతురు, రాజమండ్రి దగ్గర స్కూల్లో లెక్కల టీచరు. నేను ఈ ప్రాజెక్టు ఎంచుకోవడానికి కారణం ఆవిడే. ఆవిడకి ఎమ్మెస్ ఉంది.

"ఏరా, నా బుర్రలో మచ్చలు లెక్కెట్టే మిషనేదో చేశావంట?" అంది.

"అవునక్కా, బాగా వచ్చింది."

"మరి మధ్యాహ్నం మూడో పీరియడు అయ్యేసరికి నేనెందుకు అలా కూలబడిపోతున్నానో చెప్తుందా అది?"

చెప్పదు. ఆ మాట చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఈ వ్యాసం అక్కడి నుంచి పుట్టింది.

అక్కకి బీఎడ్ చదివేటప్పుడు ఒక కన్ను మసకబారింది. కళ్లద్దాలు మార్చారు, తగ్గలేదు. నొప్పి, ఎర్ర రంగు వెలిసిపోయినట్టు కనబడటం. కంటి నరం వాపన్నారు. స్టిరాయిడ్లు ఇచ్చారు, నెలలో చూపు తిరిగొచ్చింది. రెండేళ్ల తర్వాత ఎడం కాలు తిమ్మిరి. అప్పుడు ఎమ్మారై తీస్తే మచ్చలు కనిపించాయి. ఆరేళ్లుగా మందులు వాడుతోంది. ఈ మధ్య మూడు స్కాన్‌లలోనూ రిపోర్టు ఒకటే: కొత్త మచ్చలు లేవు, స్థిరంగా ఉంది. డాక్టరు సంతోషించారు, సంతోషించాల్సిందే కూడా. కానీ ఇంట్లో ఆ కాగితం వేరే పని చేసింది. "రిపోర్టులో ఏమీ లేదుగా, మరి ఎందుకు పడుకుంటావు?" అని అడగడం మొదలెట్టారు. అక్క పిల్లల పేర్లు మర్చిపోతోంది, బోర్డు మీద లెక్క సగంలో తప్పిపోతోంది. రిపోర్టు మాత్రం స్థిరంగా ఉంది. కాగితం మీదున్న మాట, మనిషి నోట్లోంచి వచ్చే మాట ఎదురుపడితే మన ఇళ్లల్లో ఎప్పుడూ కాగితమే గెలుస్తుంది. మార్కుల లిస్టు చూసిన ఇంట్లో పెరిగినవాళ్లం, మనకి తెలియని సంగతి కాదు.

నా వాదన సూటిగా చెప్పేస్తాను. తెల్ల మచ్చ లెక్కపెట్టడం సులువు కాబట్టి లెక్కపెడుతున్నాం. మనిషిని మెల్లగా కుంగదీసేది మెదడు కండ తరిగిపోవడం. దాన్ని కొలవడం కష్టం కాబట్టి పక్కన పెట్టాం. ఇంజనీరింగ్ చదివే మనం సులువైన దానికే ఇంకో మోడల్, ఇంకో మోడల్ చేసుకుంటూ పోతున్నాం.

ఆ మచ్చల్ని తక్కువ చేయడానికి మాత్రం ఇది రాయట్లేదు. పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో ఈ జబ్బుని 1868లో వివరించినప్పుడు, చనిపోయినవాళ్ల మెదడు కోసి చూస్తే తప్ప ఆ గట్టిపడిన మచ్చలు కనపడేవి కావు. బతికున్న మనిషిలో వాటిని స్పష్టంగా చూడటానికి వందేళ్లు దాటింది. 1981లో లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రి బృందం పదిమంది పేషెంట్లకి సీటీ స్కానూ, అప్పుడప్పుడే వస్తున్న ఎమ్మారై స్కానూ రెండూ తీసింది. సీటీలో 19 మచ్చలు కనిపిస్తే ఎమ్మారైలో అవి కాక ఇంకో 112 కనిపించాయి. చీకటి గదిలో లైటు వేసినట్టే కదా.

1990ల మొదట్లో అదే హామర్‌స్మిత్‌లో ఫ్లెయిర్ అనే పద్ధతి వచ్చింది. సిగ్నల్స్ పేపర్ కష్టపడి పాసైన ఎవరికైనా ఇది నచ్చుతుంది. మామూలు టీ2 బొమ్మలో నీరంతా తెల్లగా వస్తుంది. మెదడు చుట్టూ, మెదడు మధ్యలోని గదుల్లో ఉన్న ద్రవమూ తెలుపే, పక్కనున్న మచ్చా తెలుపే. ఏది ఏదో తెలియదు. ఫ్లెయిర్‌లో ముందు ప్రోటాన్ల అయస్కాంతత్వాన్ని తలకిందులు చేస్తారు. అది మెల్లగా తిరిగి లేస్తుంది. ఒక్కో కణజాలం ఒక్కో వేగంతో లేస్తుంది. స్వచ్ఛమైన ద్రవం అన్నిటికంటే బద్ధకస్తురాలు. అది మైనస్ నుంచి ప్లస్‌కి పోతూ సరిగ్గా సున్నా దాటే క్షణం, అంటే సుమారు రెండు, రెండున్నర సెకన్ల దగ్గర, సిగ్నల్ చదివేస్తారు. ద్రవం నల్లగా అయిపోతుంది, మచ్చ ఒక్కటే తెల్లగా మిగులుతుంది. ఎక్స్‌పొనెన్షియల్ కర్వ్ సున్నా దాటే చోటు కనుక్కోమని మన పరీక్షలో ఐదు మార్కులకి ఇచ్చే లెక్కే ఇది.

తర్వాత గడోలీనియం. రక్తంలోంచి అడ్డమైనదీ మెదడులోకి పోకుండా ఒక కట్ట ఉంటుంది. ఎమ్మెస్‌లో మన సొంత రోగనిరోధక కణాలే ఆ కట్ట తెంచుకుని లోపలికొచ్చి, నరాల మీదున్న మైలిన్ తొడుగుని కొరుకుతాయి. కట్ట తెగినచోట గడోలీనియం మందు కూడా బయటికి కారి, బొమ్మలో ఆ చోటు మెరుస్తుంది. కొన్ని వారాలు మెరిసి ఆగిపోతుంది. అంటే ఇప్పుడు మంట ఎక్కడుందో, పాతదెక్కడుందో తేడా తెలుస్తుంది. 1993లో అమెరికాలో మొదటి ఎమ్మెస్ మందు ఇంటర్‌ఫెరాన్ బీటాకి అనుమతి వచ్చిందంటే, అందులో కొత్త మచ్చలు తగ్గాయని ఎమ్మారై చెప్పిన సాక్ష్యానికి పెద్ద పాత్ర ఉంది. ఆ తర్వాత వచ్చిన మందులు చాలావరకు ఈ బొమ్మల మీద నిలబడి వచ్చినవే. మా అక్క కన్ను మళ్లీ పోకుండా ఉందంటే ఆ పుణ్యం వీటిదే.

మరి నా గొడవేంటి?

కరెంటు తీగ తీసుకోండి. పైన ప్లాస్టిక్ తొడుగు, లోపల రాగి. ఎమ్మెస్ అంటే తొడుగు ఊడే జబ్బని మనం వికీపీడియాలో చదివి ప్రాజెక్టు రిపోర్టు మొదటి చాప్టర్‌లో దించుకుంటాం. రాగి కూడా తెగుతుందన్నది అక్కడ సాధారణంగా ఒక్క లైనులో పోతుంది. 1998లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌కి చెందిన బ్రూస్ ట్రాప్ బృందం, చనిపోయిన ఎమ్మెస్ పేషెంట్ల మెదడు ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి, తెగిపోయిన నరతంతువుల్ని లెక్కించింది. మంట చురుగ్గా ఉన్న మచ్చల్లో ఒక ఘనపు మిల్లీమీటరుకి పదకొండు వేల పైచిలుకు. ఆరోగ్యవంతుల మెదడులో అదే కొలతకి ఒకటి కంటే తక్కువ. ఘనపు మిల్లీమీటరంటే ఆవగింజంత కూడా ఉండదు. అందులో పదకొండు వేల తీగలు తెగి ఉన్నాయి. తొడుగు కొంతవరకు మళ్లీ అల్లుకుంటుంది. తెగిన తీగ మెదడులో తిరిగి మొలవదు.

ఫ్లెయిర్ బొమ్మలో ఇవన్నీ ఒకే తెలుపు. నీరు చేరి ఉబ్బిన చోటూ తెలుపే, తొడుగు ఊడిన చోటూ తెలుపే, తొడుగు మళ్లీ అల్లుకుంటున్న చోటూ తెలుపే, తీగలు తెగి ఖాళీ అయిన చోటూ తెలుపే. మా మోడల్ వీటన్నిటికీ ఒకే ఎర్ర రంగు పూసి 0.71 తెచ్చుకుంది. పైగా మెదడు పై పొరలో, బూడిద రంగు పదార్థంలో వచ్చే మచ్చలు మామూలు స్కాన్‌లో దాదాపు కనపడవు. కొన్ని పాత మచ్చల అంచున ఇనుము నిండిన కణాలు చేరి, నివురుగప్పిన నిప్పులా ఏళ్ల తరబడి లోలోపల కాలుస్తూనే ఉంటాయి. వాటిని చూడాలంటే వేరే రకం స్కాన్ కావాలి. గడోలీనియం ఇచ్చినా అవి మెరవవు.

అందుకే మచ్చల లెక్కకీ మనిషి స్థితికీ సరిగా పొంతన కుదరదు. దీన్ని ఈ రంగంలో ఒక వైరుధ్యంగా చెప్పుకుంటారు. ఫ్రెడెరిక్ బార్కాఫ్ 2002లో దీని మీదే ఒక వ్యాసం రాశాడు. చోటు ముఖ్యం: వెన్నుపాములో ఒక్క చిన్న మచ్చ కాళ్లు పడగొట్టగలదు, మెదడు ముందు భాగంలో పది ఉన్నా పైకి ఏమీ తెలియకపోవచ్చు. స్థితిని కొలిచే స్కేలుదీ తప్పే. 1983లో కుర్ట్‌జ్కే ఇచ్చిన, సున్నా నుంచి పది దాకా ఉన్న స్కేలునే ఇప్పటికీ వాడతారు. అది నడకని బాగా పట్టించుకుంటుంది, అలసటనీ మతిమరుపునీ అంతగా పట్టించుకోదు. అంటే మా అక్క రెండు పరీక్షల్లోనూ ఫస్ట్ క్లాసే.

ఇక తరుగుదల. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల మెదడు కూడా ఏడాదికి 0.1 నుంచి 0.3 శాతం దాకా తగ్గుతుంది. ఎమ్మెస్‌లో, ముఖ్యంగా మందు లేకపోతే, అర శాతం నుంచి ఒక శాతం పైదాకా పోతుంది. చిన్న అంకెలా ఉందా? మెదడు 1200 మిల్లీలీటర్లు అనుకుంటే అర శాతం అంటే 6 మిల్లీలీటర్లు. ఏడాదికి ఒక టీస్పూను పైన. పదేళ్లకి పన్నెండు స్పూన్లు. మధ్యలోని గదులు పెద్దవవుతాయి, పైనున్న మడతల మధ్య సందులు వెడల్పవుతాయి. కొత్త మచ్చ ఒక్కటీ లేకుండా కూడా ఇది జరుగుతూ ఉండొచ్చు.

అయితే కొలిచేయొచ్చుగా? ఇక్కడే నా ఆవేశం కొంచెం తగ్గించుకోవాల్సి వచ్చింది. మంచి సాఫ్ట్‌వేర్ వాడి, అదే మనిషిని అదే మిషన్లో రెండుసార్లు స్కాన్ చేసినా దాదాపు 0.2 శాతం తేడా వస్తుంది. అంటే మనం పట్టుకోవాలనుకునే సిగ్నలూ, నాయిసూ ఒకే సైజు. ఆ రోజు నీళ్లు తక్కువ తాగితే మెదడు కొంచెం చిన్నదవుతుంది. మిషన్ మారితే లెక్క మారుతుంది, సాఫ్ట్‌వేర్ మారినా అంతే. వందలమంది సగటు తీసే మందుల ప్రయోగాల్లో ఈ తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక్క మనిషికి, ఒక్క ఏడాదికి చెప్పాలంటే డాక్టర్లు వెనకాడతారు. వాళ్లు వెనకాడటంలో న్యాయం ఉంది.

దీనికి తోడు ఇంకో తమాషా. వాపును చూసి బలుపు అనుకోవద్దని మన పెద్దలు అంటారే, అది ఇక్కడ అక్షరాలా నిజం. మంట బాగా ఉన్న మెదడు నీరు చేరి ఉబ్బి ఉంటుంది. స్కాన్‌లో నిండుగా కనిపిస్తుంది. మంచి మందు మొదలెట్టగానే వాపు దిగుతుంది, మొదటి ఏడాది ఘనపరిమాణం గబుక్కున పడిపోతుంది. అంకె చూసినవాడికి మందు వేశాక మెదడు ఎండిపోయిందనిపిస్తుంది. నిజానికి మందు పనిచేసింది. దీనికి దొంగ తరుగుదల అని పేరు పెట్టుకోవచ్చు. కాబట్టి వాపునీ తరుగుదలనీ విడదీయకుండా వట్టి ఘనపరిమాణం కొలిస్తే, మచ్చల్ని లెక్కపెట్టడం కంటే పెద్ద మోసమే అవుతుంది.

ఇదంతా డాక్టర్లు చూసుకోవాల్సింది, మనకెందుకు అంటారా? నాయిస్ నుంచి సిగ్నల్ విడదీయడం ఎవరి సబ్జెక్టు మరి? నాలుగేళ్లుగా మనకి నేర్పింది అదే కదా!

మన ప్రాజెక్టులు ఎలా నడుస్తాయో ఒకసారి చూడండి. మేం వాడిన డేటా ఫ్రాన్స్ నుంచి వచ్చింది, 2016 పోటీ కోసం తయారుచేసినది. 53 మంది పేషెంట్లు, ఒక్కొక్కరి మచ్చల్నీ ఏడుగురు నిపుణులు విడివిడిగా గీశారు. ఆ ఏడుగురి గీతలూ ఒకేలా లేవు. మచ్చ అంచు ఎక్కడ ఆగుతుందో మనిషి మనిషికీ మారుతుంది. చివరికి ఏడింటినీ కలిపి ఒక ఉమ్మడి జవాబు తయారుచేశారు. మనం దాన్నే సత్యం అని పిలిచి, దానికి దగ్గరగా పోవడానికి మూడో దశాంశ స్థానంలో కొట్టుకుంటున్నాం. నిపుణులకే అంత తేడా ఉన్నచోట పక్క బ్యాచ్ కంటే మాకు ఎక్కువొచ్చిన 0.03కి ఏం అర్థం ఉంది? రివ్యూలో ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఇంకో యూనెట్ చేసే బదులు, ఉన్న ఏదో ఒక సాఫ్ట్‌వేర్ తీసుకుని, ఒకే మనిషికి వెంటవెంటనే తీసిన రెండు స్కాన్‌ల మీద నడిపి, ఎంత తేడా వస్తోందో కొలవండి. స్లైసు మందం 1 మిల్లీమీటరు నుంచి 5 మిల్లీమీటర్లకి పెంచితే తప్పు ఎంత పెరుగుతుందో చూడండి. వచ్చిన అంకె పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎంతో రాయండి. ఇందులో కొత్త ఆర్కిటెక్చర్ ఉండదు, పోస్టర్ మీద రంగుల బొమ్మ ఉండదు. మా గైడ్ సార్‌తో అంటే "నవల్టీ ఎక్కడుందయ్యా?" అన్నారు. ఆయన అడిగింది న్యాయమే, ఆయన్ని అడిగేవాళ్లు ఆయన పైన ఉన్నారు. అయినా నేను ఒప్పుకోను.

మా రూమ్మేట్ ఇది చదివి గట్టి అడ్డు చెప్పాడు. "మామా, మీ అక్క అలసటకి మెదడు తరుగుదలే కారణమని నీకెలా తెలుసు? నిద్ర లేకపోవచ్చు, థైరాయిడ్ కావొచ్చు, దిగులు కావొచ్చు. నువ్వు ఒక అంకె తీసేసి ఇంకో అంకె అంటగడుతున్నావు." నిజమే. అలసటకి ఒక్క కారణం ఉండదు. తరుగుదల అంకె చేతికొచ్చినా అక్క మూడో పీరియడు తేలికైపోదు. వాపుని ఆపే మందులు చాలా ఉన్నాయి గానీ, మెల్లగా ముదిరే దశకి పనిచేసేవి కొద్దే. మొదటి నుంచీ మెల్లగా ముదిరే రకానికి అమెరికాలో మొదటి మందు వచ్చింది 2017లో. కాబట్టి నేను అంకె ఇమ్మని గొడవ చెయ్యట్లేదు. కొలవని దాన్ని బాగుందని అనకండి, అంతే నా గొడవ. "కొత్త మచ్చలు లేవు" అనేది చూసిన సంగతి. "స్థిరంగా ఉంది" అనేది మనిషి గురించి తీర్పు. రేడియాలజిస్టు ఆ మాట మచ్చల గురించే రాస్తారు, డాక్టరుకి అది తెలుసు. ఇంటికొచ్చేసరికి ఆ మాట అక్క మీదికి తిరుగుతుంది.

సంక్రాంతి సెలవుల్లో వెళ్లినప్పుడు అక్క బీరువాలోంచి సీడీలు తీసింది. ఒకటి ఆరేళ్ల కిందట కాకినాడలో తీసింది, ఒకటి తర్వాత విశాఖలో, ఒకటి పోయినేడాది ఇంకోచోట. మధ్యలో ఒక ఏడాదిది సీడీ లేదు, ఫిల్మ్ మాత్రమే ఉంది. దాని మీద పప్పు పోపు మరక. ల్యాప్‌టాప్‌లో మా మోడల్ నడిపాను. కొన్ని మచ్చలకి ఎర్ర రంగు పడింది, కంటి గుడ్డు మీద కూడా కొంచెం పడింది. అక్క నవ్వింది. తర్వాత మధ్యలో ఉన్న నల్లటి రెక్కల్లాంటి గదుల్ని వేలితో చూపించి, "ఇవి పాత దాంట్లో ఇంత పెద్దగా ఉన్నాయా?" అని అడిగింది.

రెండూ పక్కపక్కన పెట్టాను. ఒకటి 5 మిల్లీమీటర్ల స్లైసులు, మధ్యలో ఖాళీ. ఇంకోటి 3 మిల్లీమీటర్లు. తల వంగిన కోణం వేరు, మిషన్ వేరు. పెద్దగా ఉన్నట్టే అనిపించింది. కానీ అనిపించడం మీద నేనేం చెప్పగలను? "తెలీదక్కా, ఈ రెండిటినీ పోల్చకూడదు" అన్నాను. ఇన్నాళ్ల ప్రాజెక్టులో నేను చెప్పిన మొదటి నిజాయితీ గల రిజల్టు అదేనేమో.

అందుకని మీ ఇంట్లోనో తెలిసినవాళ్లలోనో ఈ జబ్బున్నవాళ్లుంటే ఒక మాట చెప్పండి. వీలైతే ప్రతిసారీ ఒకే చోట, ఒకే మిషన్లో తీయించుకోమనండి. 2021లో యూరప్, ఉత్తర అమెరికా నిపుణులు కలిసి ఇచ్చిన సూచనల్లో కూడా ఇది ఉంది, పల్చటి స్లైసుల త్రీడీ ఫ్లెయిర్ తీయమనీ ఉంది. ఫిల్మ్ ఒక్కటే చాలదు, సీడీ అడిగి తీసుకుని దాచుకోమనండి. ఈ రోజు కొలవలేకపోయినా, రేపు కొలిచే పద్ధతి వస్తే పాత స్కాన్ పనికొచ్చేలా ఉండాలి.

పోయిన వారం అక్క స్కాన్‌కి వెళ్లొచ్చింది. పోయినేడాది తీసిన చోటికే. టెక్నీషియన్ని "త్రీడీ తీస్తారా అండి, పల్చటి స్లైసులు?" అని అడిగిందట. ఆయన ఆశ్చర్యపోయి, "ఎవరు చెప్పారు మేడమ్ మీకు?" అన్నాడట. "మా తమ్ముడు ఇంజనీరండి" అందట. నాకింకా ఎం3 బ్యాక్‌లాగ్ ఉందని అక్కకి తెలీదు.